సిరిజా

సిరిజా గ్రీసు దేశానికి చెందిన ఒక వామపక్ష రాజకీయ పార్టీ. 2004లో కొన్ని చిన్న పార్టీల ఎన్నికల కూటమిగా ఏర్పడి, 2015 జనవరి నుండి 2019 జూలై వరకు, 2015 వేసవి చివర కొన్ని వారాల ఆపద్ధర్మ ప్రభుత్వ కాలం మినహా, గ్రీసును పాలించింది. 2010 తరువాత ఐరోపాలో అమలైన పొదుపు చర్యలను వ్యతిరేకిస్తూ ఎన్నికలలో గెలిచి ప్రభుత్వాన్ని నడిపిన మొదటి రాడికల్ వామపక్ష పార్టీగా దీనికి గుర్తింపు ఉంది.

ఈ పార్టీ ప్రజలకు ప్రధానంగా రెండు వాగ్దానాలు చేసింది. ఒకటి ఋణదాతలు విధించిన పొదుపు చర్యల రద్దు, రెండవది పౌర హక్కుల పునరుద్ధరణ, విస్తరణ. మొదటి వాగ్దానాన్ని అధికారానికి వచ్చిన ఆరు నెలలకే వదులుకోవలసి వచ్చింది. రెండవ దానిలో చెప్పుకోదగినంత నెరవేర్చింది. అయితే హక్కుల ప్రశ్న ఋణదాతల షరతులతోనో, ఐరోపా సమాఖ్య సరిహద్దు విధానంతోనో ముడిపడిన చోట అక్కడ కూడా వెనుకకు తగ్గింది.

పేరు, ఆవిర్భావం

గ్రీకు భాషలో "రాడికల్ వామపక్ష కూటమి" అనే అర్థమిచ్చే మూడు పదాల మొదటి అక్షరాలను కలిపి సిరిజా అనే పేరు కూర్చారు. ఆ భాషలో దాదాపు ఇదే ఉచ్చారణ గల మరొక మాటకు "వేళ్ళతో సహా" అని అర్థం. ఈ శ్లేష పార్టీ వారు కావాలని పెట్టుకున్నదే.

పార్టీ మూలాలు 1968లో గ్రీసు కమ్యూనిస్టు పార్టీలో వచ్చిన చీలికలో ఉన్నాయి. అప్పటికి దేశంలో సైనిక నియంతృత్వం (1967-1974) నడుస్తున్నది. సోవియట్ యూనియన్ మార్గదర్శకత్వాన్ని అంగీకరించని వర్గం వేరుపడి, తరువాతి కాలంలో "సినాస్పిస్మోస్" అనే పార్టీకి ఆధారమయింది. సినాస్పిస్మోస్ ప్రధాన భాగస్వామిగా, పర్యావరణవాదులు, ట్రాట్స్కీవాదులు మొదలైన చిన్న బృందాలు చేరి 2004 ఎన్నికలకు ముందు సిరిజాను ఏర్పరచాయి. ఆ ఎన్నికలలో కూటమికి 3.3 శాతం ఓట్లు, 300 స్థానాల పార్లమెంటులో 6 స్థానాలు దక్కాయి. కమ్యూనిస్టు పార్టీ ఈ కూటమిలో ఎన్నడూ చేరలేదు సరికదా, దానిని తీవ్రంగా విమర్శిస్తూనే వచ్చింది.

2008లో సినాస్పిస్మోస్ నాయకత్వం 33 ఏళ్ళ అలెక్సిస్ సిప్రాస్‌కు దక్కింది. సైనిక ప్రభుత్వం కూలిన నాలుగు రోజులకు, 1974 జూలై 28న పుట్టిన ఈయన విద్యార్థి ఉద్యమాల నుండి వచ్చినవాడు. అదే సంవత్సరం డిసెంబరు 6న ఏథెన్సులోని ఎక్సార్ఖియా ప్రాంతంలో ఒక పోలీసు జరిపిన కాల్పులలో 15 ఏళ్ళ విద్యార్థి చనిపోయాడు. వారాల తరబడి దేశమంతటా అల్లర్లు జరిగాయి. సిరిజా నిరసనకారుల పక్షాన నిలవగా, అల్లరిమూకలకు అండగా ఉన్నదని మిగిలిన పార్టీలు దానిని నిందించాయి. 2009 ఎన్నికలలో పార్టీ 4.6 శాతానికి పడిపోయింది.

ఋణ సంక్షోభం

2009 అక్టోబరులో అధికారానికి వచ్చిన సోషలిస్టు పార్టీ (పాసోక్) ప్రభుత్వం, బడ్జెట్ లోటు అంతకుముందు చెప్పిన దానికంటే ఎంతో ఎక్కువని ప్రకటించింది. దీనితో గ్రీసుకు కొత్త అప్పులు పుట్టడం కష్టమయింది. 2010 మేలో ఐరోపా కమిషన్, ఐరోపా కేంద్ర బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థలు కలిసి 11,000 కోట్ల యూరోల ఋణాన్ని మంజూరు చేశాయి. ఈ మూడింటిని కలిపి "త్రోయికా" అనేవారు. 2012లో 13,000 కోట్ల యూరోల రెండవ ఋణం వచ్చింది. అప్పుడే ప్రైవేటు ఋణదాతలు తమ బాండ్ల ముఖవిలువలో 53.5 శాతాన్ని వదులుకున్నారు.

ఈ ఋణాలకు ప్రతిగా ప్రభుత్వం జీతాలు, పింఛన్లు తగ్గించాలి, పన్నులు పెంచాలి, ప్రభుత్వ ఆస్తులు అమ్మాలి, కార్మిక చట్టాలను సడలించాలి. ఉదాహరణకు 2012 ఫిబ్రవరిలో నెలకు 751 యూరోలు ఉన్న కనీస వేతనం 586 యూరోలకు తగ్గింది. 25 ఏళ్ళ లోపు వారికి ఇది 511 యూరోలే. సంక్షోభ కాలంలో దేశ స్థూల ఉత్పత్తి దాదాపు నాలుగింట ఒక వంతు కుదించుకుపోయింది. 2013 నాటికి నిరుద్యోగం 27 శాతం దాటింది. ఉద్యోగం పోయినవారికి కొంతకాలం తరువాత ఆరోగ్య బీమా కూడా పోయేది. అలాంటి వారికోసం స్వచ్ఛంద వైద్యులు ఉచిత వైద్యశాలలు తెరిచారు. సిరిజా పార్లమెంటు సభ్యులు తమ జీతాలలో కొంత భాగాన్ని ఇటువంటి సహాయ కేంద్రాలకు ఇచ్చేవారు. చాలా ఊళ్ళలో ప్రజలకు ఈ పార్టీ పరిచయమైనది సభల ద్వారా కాక ఈ కేంద్రాల ద్వారానే.

2012 మే ఎన్నికలలో సిరిజా 16.8 శాతం ఓట్లతో రెండవ స్థానానికి చేరింది. ఎవరూ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేయలేకపోవడంతో జూన్‌లో మళ్ళీ జరిగిన ఎన్నికలలో 26.9 శాతం, 71 స్థానాలు సాధించి ప్రధాన ప్రతిపక్షమయింది. 2009లో 44 శాతం దాకా ఓట్లు పొందిన పాసోక్ 12 శాతానికి దిగజారింది. 2013 జూలైలో జరిగిన మహాసభలో సిరిజా కూటమి స్వరూపాన్ని వదిలి ఒకే పార్టీగా మారింది.

ప్రతిపక్షంలో పౌర హక్కుల సమస్యలు

పొదుపు చర్యలను అమలు చేసిన ప్రభుత్వాలు నిరసనను అణచడానికి అసాధారణ అధికారాలను వాడుకున్నాయి. ఇందువలన గ్రీసులో ఆర్థిక సమస్య, పౌర హక్కుల సమస్య విడదీయలేనివిగా మారాయి.

వీటిలో ముఖ్యమైనది "నిర్బంధ విధుల ఉత్తర్వు". మన దేశంలోని ఎస్మా చట్టాన్ని పోలిన ఈ ఉత్తర్వు ప్రకారం సమ్మెలో ఉన్నవారు పనికి రాకపోతే అరెస్టు చేయవచ్చు. అంటోనిస్ సమరాస్ నాయకత్వంలోని న్యూ డెమోక్రసీ ప్రభుత్వం 2013లో ఐదు నెలల లోపే దీనిని మూడుసార్లు ప్రయోగించింది. జనవరిలో ఏథెన్సు మెట్రో ఉద్యోగులపైన, ఫిబ్రవరిలో ఓడల సిబ్బందిపైన, మేలో ఉపాధ్యాయులపైన ఈ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఉపాధ్యాయుల విషయంలో సమ్మె ఇంకా మొదలే కాలేదు.

2013 జూన్ 11న ప్రభుత్వ రేడియో, టెలివిజన్ సంస్థ ఈఆర్‌టీని మూసివేస్తున్నట్లు ప్రకటించి అదే రాత్రి ప్రసారాలను నిలిపివేశారు. సుమారు 2,600 మంది ఉద్యోగాలు పోయాయి. పార్లమెంటులో చర్చ లేకుండా కేవలం అత్యవసర ఆదేశంతో ఈ పని జరిగింది. ఉద్యోగులు భవనాన్ని విడిచిపోకుండా ఇంటర్నెట్ ద్వారా ప్రసారాలు కొనసాగించారు. నవంబరులో పోలీసులు వారిని ఖాళీ చేయించినపుడు సిరిజా ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టింది. అది వీగిపోయింది.

2012 ఎన్నికలకు కొద్ది రోజుల ముందు పోలీసులు ఏథెన్సు వీధులలో కొందరు స్త్రీలను పట్టుకొని, బలవంతంగా రక్తపరీక్షలు చేయించి, హెచ్‌ఐవీ ఉన్నవారి పేర్లు, ఛాయాచిత్రాలు బహిరంగపరచారు. దీనికి ఆధారమైన ఆరోగ్య ఉత్తర్వు 2013లో ఒకసారి రద్దయి, నెలల వ్యవధిలో తిరిగి వచ్చింది. సిరిజా ప్రభుత్వం 2015 ఏప్రిల్‌లో దానిని తొలగించింది.

ఇదే కాలంలో నాజీ భావాలు గల "గోల్డెన్ డాన్" పార్టీ పార్లమెంటులో ప్రవేశించింది. 2013 సెప్టెంబరులో దాని మద్దతుదారు ఒకడు పావ్లోస్ ఫిస్సాస్ అనే ర్యాప్ గాయకుడిని కత్తితో పొడిచి చంపాడు. ఆ పార్టీ నాయకత్వం నేరస్థ ముఠాను నడిపినదని 2020 అక్టోబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది.

అధికారంలోకి రావడం

2014 డిసెంబరులో పార్లమెంటు దేశాధ్యక్షుని ఎన్నుకోలేకపోవడంతో ముందస్తు ఎన్నికలు వచ్చాయి. 2015 జనవరి 25న సిరిజా 36.3 శాతం ఓట్లు పొందింది. మొదటి స్థానంలో నిలిచిన పార్టీకి అదనంగా 50 స్థానాలు ఇచ్చే నిబంధనతో కలిపి 149 స్థానాలు వచ్చాయి. మెజారిటీకి రెండు స్థానాలు తక్కువ. కమ్యూనిస్టులు కలిసిరాలేదు. అందువలన పొదుపు వ్యతిరేకత తప్ప మరే పోలికా లేని మితవాద జాతీయ పార్టీ "స్వతంత్ర గ్రీకులు"తో సిప్రాస్ సంకీర్ణం ఏర్పరచాడు.

మతప్రమాణం కాక పౌరప్రమాణం చేసి పదవి చేపట్టిన మొదటి గ్రీకు ప్రధాని సిప్రాస్. ఆ వెంటనే ఆయన ఏథెన్సు శివారులోని కేసరియానీకి వెళ్ళి, 1944 మే 1న జర్మన్ సైన్యం కాల్చిచంపిన 200 మంది స్మారకం వద్ద పూలుంచాడు. ఋణదాతలలో జర్మనీదే పెద్ద వాటా అన్న సంగతి చూసినవారెవరూ మరచిపోలేదు.

మార్చిలో పేదలకు ఉచిత విద్యుత్తు, ఆహార కూపన్లు ఇచ్చే చట్టం వచ్చింది. ఏప్రిల్‌లో కఠిన నిబంధనల "సి-తరగతి" జైళ్ళు రద్దయ్యాయి. ఈఆర్‌టీ మూతపడి సరిగ్గా రెండేళ్ళకు, 2015 జూన్ 11న తిరిగి ప్రసారాలు ప్రారంభించింది.

2015 ప్రజాభిప్రాయ సేకరణ

ఆర్థికమంత్రి యానిస్ వరూఫాకిస్ ఫిబ్రవరి 20న ఋణదాతల నుండి నాలుగు నెలల గడువు మాత్రమే సంపాదించగలిగాడు. అప్పు తగ్గించాలని గ్రీసు, ముందు పింఛన్ల కోత, పన్నుల పెంపు జరగాలని ఋణదాతలు పట్టుబట్టారు. గడువు ముగియడానికి మూడు రోజుల ముందు, జూన్ 27 తెల్లవారుజామున, ఋణదాతల ప్రతిపాదనలపై ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతానని సిప్రాస్ ప్రకటించాడు. మరునాడు ఐరోపా కేంద్ర బ్యాంకు గ్రీకు బ్యాంకులకు ఇచ్చే అత్యవసర నగదును పెంచడానికి నిరాకరించింది. జూన్ 29 నుండి బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంల నుండి రోజుకు 60 యూరోలకు మించి తీసుకునే వీలు లేదు. జూన్ 30న ద్రవ్యనిధి సంస్థకు కట్టవలసిన వాయిదాను గ్రీసు కట్టలేకపోయింది.

ఓటర్ల ముందుంచిన ప్రశ్న చాలా పొడవైనది. సాంకేతిక పేర్లు గల రెండు పత్రాలను అంగీకరిస్తారా అన్నది దాని సారాంశం. పోలింగు నాటికి గడువు తీరిపోయి ఆ ప్రతిపాదనలు చెల్లకుండా పోయాయి కూడా. అయినా ప్రజలు దేనిపై ఓటు వేస్తున్నారో వారికి సందేహం లేదు. "ఓహి", అనగా "కాదు", అన్న మాటకు గ్రీసులో ప్రత్యేక చరిత్ర ఉంది. 1940 అక్టోబరు 28న ముస్సోలినీ హెచ్చరికను తిరస్కరించిన రోజును "ఓహి దినం"గా అక్కడ జాతీయ పండుగ జరుపుకుంటారు. బ్యాంకులు మూసి ఉండగానే జూలై 5న జరిగిన పోలింగులో 62.5 శాతం మంది పాల్గొన్నారు. 61.3 శాతం మంది "కాదు" అన్నారు. దేశంలోని అన్ని నియోజకవర్గాలలోనూ అదే ఫలితం.

మరుసటి ఉదయమే వరూఫాకిస్ రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో యూక్లిడ్ సకలోటోస్ వచ్చాడు. జర్మనీ ఆర్థికమంత్రి వోల్ఫ్‌గాంగ్ షొయిబ్లె, గ్రీసు కొంతకాలం యూరో నుండి బయటికి పోవచ్చన్న ప్రతిపాదన ముందుకు తెచ్చాడు. జూలై 12, 13 తేదీలలో బ్రసెల్స్‌లో 17 గంటల పాటు సాగిన యూరో దేశాధినేతల సమావేశం చివర సిప్రాస్ మూడవ ఋణ ఒప్పందానికి తల ఊపాడు. 8,600 కోట్ల యూరోల వరకు ఇచ్చే ఈ ఒప్పందం షరతులు ప్రజలు తిరస్కరించిన వాటికంటే తేలికైనవి కావు. యూరోను వదలడానికి ప్రజల సమ్మతి తనకు లేదని, బ్యాంకులు కూలితే నష్టపోయేది పేదలేనని సిప్రాస్ వాదించాడు. ప్రజల తీర్పును వారం తిరగకుండానే తిరగవేశారని విమర్శకులు అన్నారు. ఈ రెండు వాదనలూ ఐరోపా వామపక్షాల మధ్య ఆ తరువాత ఎన్నో ఏళ్ళు కొనసాగాయి.

జూలై 15న పార్లమెంటులో ఈ షరతులకు అనుకూలంగా 229 ఓట్లు వచ్చాయి. ప్రతిపక్షాల మద్దతు వలననే అది గట్టెక్కింది. సిరిజా సభ్యులు 32 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆగస్టులో 25 మంది సభ్యులు పానయోటిస్ లఫజానిస్ నాయకత్వంలో "ప్రజా ఐక్యత" పార్టీని స్థాపించారు. సెప్టెంబరు 20న మళ్ళీ జరిగిన ఎన్నికలలో సిరిజా 35.5 శాతం ఓట్లతో గెలిచింది. "ప్రజా ఐక్యత" 3 శాతం కనీస హద్దును అందుకోలేక పార్లమెంటుకు దూరమయింది. ఓటు వేయడానికి వచ్చినవారు మాత్రం 56.6 శాతానికి తగ్గారు.

మూడవ ఒప్పందం అమలు

పొదుపు చర్యలను రద్దు చేస్తానన్న పార్టీయే 2018 వరకు వాటిని అమలు చేసింది. పింఛన్ల విధానం మారింది. అమ్మకపు పన్ను 24 శాతానికి పెరిగింది. పిరేయస్ ఓడరేవులో 51 శాతం వాటా 2016లో చైనా కంపెనీ కాస్కో చేతికి వెళ్ళింది. 14 ప్రాంతీయ విమానాశ్రయాలు జర్మనీకి చెందిన ఫ్రాపోర్ట్ సంస్థకు దక్కాయి. 2018 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం సంస్థ స్థాయి కార్మిక సంఘం సమ్మె ప్రకటించాలంటే సభ్యులలో సగానికి పైగా సమావేశానికి హాజరు కావాలి. ఐదేళ్ళ క్రితం సమ్మె హక్కు కోసం వీధులలో నిలిచిన పార్టీ ఈ చట్టం చేయడం కార్మిక సంఘాలను ఎక్కువగా బాధించింది.

షరతుల మధ్య దొరికిన చోట కొన్ని పనులు చేయగలిగారు. 2016లో బీమా లేనివారందరికీ ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యం పొందే హక్కు వచ్చింది. 2018 ఆగస్టు 20న ఋణ కార్యక్రమం ముగిసింది. అయితే 2022 వరకు వడ్డీ చెల్లింపులు మినహాయించి స్థూల ఉత్పత్తిలో 3.5 శాతం బడ్జెట్ మిగులు చూపే బాధ్యత మిగిలింది. 2019 ఫిబ్రవరిలో కనీస వేతనం 650 యూరోలకు పెరిగి, యువకులకు ఉన్న తక్కువ వేతనం రద్దయింది.

పౌర హక్కుల చట్టాలు

ఖజానాపై భారం పడని ఈ రంగంలో ఋణదాతల అనుమతి అవసరం లేదు. 2015 జూలై 9న, అంటే ప్రజాభిప్రాయ సేకరణకు, బ్రసెల్స్ ఒప్పందానికి నడుమ, గ్రీసులో పుట్టి బడిలో చేరిన వలసదారుల పిల్లలకు పౌరసత్వం పొందే మార్గం కల్పించే చట్టం ఆమోదం పొందింది. 2010లో వచ్చిన ఇటువంటి చట్టాన్ని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2013లో కొట్టివేసింది.

స్త్రీపురుష జంటలకు మాత్రమే 2008 నుండి ఉన్న పౌర సహజీవన ఒప్పందం వివక్షతో కూడినదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2013లో తీర్పు ఇచ్చింది. దానిని స్వలింగ జంటలకు వర్తింపజేస్తూ 2015 డిసెంబరులో చట్టం వచ్చింది. సంకీర్ణ భాగస్వామి మద్దతు కొరవడడంతో ప్రతిపక్ష సభ్యుల ఓట్లు అవసరమయ్యాయి. 193 మంది అనుకూలించారు. 2017 అక్టోబరులో శస్త్రచికిత్స లేకుండానే అధికారిక పత్రాలలో లింగ గుర్తింపును మార్చుకునే హక్కు వచ్చింది. సనాతన చర్చి ఈ చట్టాలను గట్టిగా వ్యతిరేకించింది.

థ్రేస్ ప్రాంతపు ముస్లిం అల్పసంఖ్యాకుల కుటుంబ వివాదాలు అంతవరకు ముఫ్తీల ముందు షరియా ప్రకారం పరిష్కారమయ్యేవి. 2018 జనవరి చట్టం వారికి సాధారణ న్యాయస్థానాలకు వెళ్ళే హక్కును ఇచ్చి, ముఫ్తీ వద్దకు వెళ్ళడాన్ని ఇరుపక్షాల ఇష్టానికి వదిలింది.

టెలివిజన్ రంగంలో పార్టీ చేసిన ప్రయత్నం వికటించింది. జాతీయ ఛానళ్ళ లైసెన్సులను నాలుగుకు పరిమితం చేసి 2016లో వేలం వేయగా, ఆ అధికారం స్వతంత్ర నియంత్రణ మండలిదే గాని మంత్రిది కాదని న్యాయస్థానం రద్దు చేసింది.

శరణార్థులు

2015లో సముద్రమార్గాన 8.5 లక్షలకు పైగా ప్రజలు గ్రీసు దీవులకు చేరారు. మొదటి నెలలలో ప్రభుత్వం వారిని ఉత్తర ఐరోపా వైపు సాగిపోనిచ్చింది. 2016 మార్చి 18న ఐరోపా సమాఖ్య, టర్కీల మధ్య ఒప్పందం కుదిరాక, కొత్తగా వచ్చినవారిని దీవులలోనే ఉంచి, తగినవారిని టర్కీకి తిప్పిపంపే విధానం మొదలయింది. లెస్బోస్ దీవిలోని మోరియా శిబిరం నిర్బంధ కేంద్రంగా మారిందన్న కారణంతో "సరిహద్దులు లేని వైద్యులు" సంస్థ అక్కడ పనిచేయడం మానుకున్నది. 2015 ఫిబ్రవరిలో వలసదారుల నిర్బంధ కేంద్రాలను మూసివేస్తామని ప్రకటించిన ప్రభుత్వం ఇదే.

ఇతర దేశాలపై ప్రభావం

2014 ఐరోపా ఎన్నికలలో వామపక్షాల తరఫున ఐరోపా కమిషన్ అధ్యక్ష పదవికి అభ్యర్థి సిప్రాసే. ఇటలీలో ఏకంగా ఆయన పేరుతో ఒక జాబితా పోటీ చేసి మూడు స్థానాలు గెలిచింది. స్పెయిన్‌లో 2014లో పుట్టిన పొదేమోస్ నాయకుడు పాబ్లో ఇగ్లేసియాస్ 2015 జనవరిలో సిరిజా చివరి ఏథెన్సు సభలో ప్రసంగించాడు. నిరసనలపై భారీ జరిమానాలు విధించే పౌరభద్రతా చట్టం ఆ ఏడాది జూలై 1న స్పెయిన్‌లో అమలులోకి వచ్చినపుడు పొదేమోస్ దానిని వ్యతిరేకించింది. పోర్చుగల్‌లో వామపక్ష కూటమి, కమ్యూనిస్టు పార్టీ వేరొక దారి ఎంచుకున్నాయి. 2015 నవంబరులో అవి మంత్రి పదవులు తీసుకోకుండా సోషలిస్టుల మైనారిటీ ప్రభుత్వాన్ని బలపరచి, జీతాలు, పింఛన్ల కోతలలో కొన్నింటిని క్రమంగా తిప్పివేయించాయి.

2019 తరువాత

ఉత్తర మాసిడోనియా పేరు విషయమై 2018 జూన్‌లో కుదిరిన ప్రెస్పా ఒప్పందం కారణంగా "స్వతంత్ర గ్రీకులు" సంకీర్ణం నుండి తప్పుకున్నారు. 2019 జూలై ఎన్నికలలో సిరిజా 31.5 శాతం ఓట్లతో ఓడిపోయి, న్యూ డెమోక్రసీ నాయకుడు కిరియాకోస్ మిత్సొటాకిస్ ప్రధాని అయ్యాడు.

2022లో పాసోక్ నాయకుడు నికోస్ అంద్రులాకిస్ ఫోను సంభాషణలను జాతీయ గూఢచారి సంస్థ విన్నదని బయటపడింది. పాత్రికేయుల ఫోన్లలో "ప్రెడేటర్" నిఘా సాఫ్ట్‌వేర్ దొరికిన సంగతీ వెలుగులోకి వచ్చింది. గూఢచారి సంస్థ అధిపతి, ప్రధాని కార్యాలయ ప్రధాన కార్యదర్శి రాజీనామా చేశారు. 2023 జనవరిలో సిరిజా పెట్టిన అవిశ్వాస తీర్మానం ఓడిపోయింది. ఆ ఏడాది మేలో పార్టీ 20 శాతానికి, జూన్‌లో 17.8 శాతానికి పడిపోయింది. సిప్రాస్ నాయకత్వం వదులుకున్నాడు.

సెప్టెంబరులో నాయకుడైన స్టెఫానోస్ కసెలాకిస్ కాలంలో మాజీ మంత్రులు కొందరు "నూతన వామపక్షం" పేరుతో వేరుపడ్డారు. 2024 ఫిబ్రవరిలో న్యూ డెమోక్రసీ ప్రభుత్వం స్వలింగ వివాహాల బిల్లు తెచ్చినపుడు పాలకపక్ష సభ్యులు చాలామంది దూరంగా ఉండగా, అది సిరిజా తదితర ప్రతిపక్షాల ఓట్లతో గట్టెక్కింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో కేంద్ర కమిటీ కసెలాకిస్‌ను తొలగించింది. నవంబరులో సోక్రటిస్ ఫమెలోస్ పార్టీ అధ్యక్షుడయ్యాడు. సిప్రాస్ 2025 అక్టోబరులో పార్లమెంటు సభ్యత్వానికి రాజీనామా చేశాడు.